బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్: ప్రవేశం, వసతి, 'పబ్లిక్' అనే మాటకు మారిన అర్థం

వ్యాససంగ్రహం:

1923లో జాగీర్దార్ల కుమారుల కోసం స్థాపితమైన విద్యాసంస్థ 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారింది. తరువాతి కాలంలో ప్రభుత్వ ఉపకారవేతనాలతో గిరిజన బాలలు, 1988 నుంచి బాలికలు అందులో ప్రవేశించారు. ప్రవేశార్హత ఇన్నిసార్లు విస్తరించినా, వసతి పాఠశాల అనే నిర్మాణం పాతదే. ప్రవేశంలో సాధించిన సమానత్వం వసతిగృహంలోనూ, భాషలోనూ సమానత్వంగా పరిణమించాలంటే ఏమి అవసరమో ఈ వ్యాసం చర్చిస్తుంది. సర్వేల్ గురుకులం, నవోదయ విద్యాలయాలు, అమీర్‌పేట ప్రైవేటు వసతిగృహాలు ఈ చర్చకు తులనాత్మక ఆధారాలు.

కీలకపదాలు: పబ్లిక్ స్కూల్, జాగీర్దార్ కళాశాల, వసతి విద్య, సహవిద్య, గిరిజన విద్యార్థులు, బోధనామాధ్యమం, బేగంపేట, అమీర్‌పేట, పంజాగుట్ట.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు నగర మధ్యభాగంలోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలు నేడు మెట్రో కూడలికి, నిమ్స్ ఆసుపత్రికి, సాఫ్ట్‌వేర్ శిక్షణకేంద్రాలకు ప్రసిద్ధి. ఈ రద్దీకి ఆనుకొనే, బేగంపేట వైపు, చెట్ల మధ్య విశాలమైన ఆవరణలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉంది. బాలబాలికలు కలిసి చదివే ఈ సంస్థలో ఇంటినుంచి వచ్చిపోయే డే స్కాలర్లూ ఉంటారు, వసతిగృహంలో ఉండి చదివే విద్యార్థులూ ఉంటారు. 2023తో దీనికి నూరేళ్లు నిండాయి.

ఈ పాఠశాల గురించి పత్రికలలో వచ్చే రచనలు ఎక్కువగా పూర్వవిద్యార్థుల ఘనతను కీర్తిస్తాయి. విద్యాచరిత్ర దృష్టితో చూసేవారికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు రెండున్నాయి. ఈ పాఠశాలలోకి ఏ కాలంలో ఎవరు ప్రవేశించగలిగారు? ప్రవేశించినవారికి లోపలి జీవితం ఎంతవరకు తమదయింది? మొదటి ప్రశ్నకు సమాధానం తేదీలలో దొరుకుతుంది. రెండవదానికి వసతివిద్య స్వభావాన్ని విశ్లేషించవలసి ఉంటుంది.

2. 'పబ్లిక్ స్కూల్' అనే పేరు:

తెలుగు పాఠకునికి 'పబ్లిక్' అంటే ప్రజలది, సర్కారుది అని తోస్తుంది. ఇంగ్లండులో ఈ మాట పుట్టిన సందర్భం వేరు. ఒక ఊరికో, ఒక వృత్తిసంఘానికో, ఒక ప్రభువు ఇంటికో పరిమితం కాక, రుసుము చెల్లించగలిగిన ఎవరి పిల్లలనైనా చేర్చుకొనే పాఠశాలను అక్కడ పబ్లిక్ స్కూల్ అన్నారు. 1868లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన పబ్లిక్ స్కూళ్ల చట్టం ఈటన్, హారో, రగ్బీ వంటి 7 వసతి పాఠశాలలకు వర్తించింది. ఇంట్లో ఉపాధ్యాయుణ్ణి పెట్టుకొని చదివే 'ప్రైవేటు' చదువుకు ప్రతిగా వాడిన మాట అది. అందరికీ తెరిచిన తలుపు అన్నది పేరులో ఉంది. ఆ తలుపు దాటడానికి సొమ్ము కావాలన్నది ఆచరణలో ఉంది.

భారతదేశానికి ఈ నమూనా మొదట సంస్థానాధీశుల కోసమే వచ్చింది. రాజ్‌కోట్‌లోని రాజ్‌కుమార్ కళాశాల, 1875లో అజ్మీర్‌లో వెలసిన మేయో కళాశాల, ఇందూరులోని డేలీ కళాశాల, లాహోరులోని ఐచిసన్ కళాశాల రాజకుమారులకు ఆంగ్లవిద్య, క్రీడలు, దొరతనపు మర్యాదలు నేర్పడానికి ఏర్పడ్డాయి. పుట్టుకతో నిమిత్తం లేని భారతీయ పబ్లిక్ స్కూల్ కావాలన్న ఆలోచనతో 1935లో డెహ్రాడూన్‌లో డూన్ స్కూల్ ప్రారంభమైంది. హైదరాబాదు సంస్థ ఈ రెండు దశలనూ ఒకే ఆవరణలో అనుభవించింది.

3. జాగీర్దార్ల కళాశాల (1923-1951):

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1923లో జాగీర్దార్ల కళాశాల ఏర్పడింది. దాని ఉద్దేశం పేరులోనే ఉంది. హైదరాబాదు రాజ్యంలో సుమారు మూడింట ఒక వంతు భూభాగం జాగీర్ల కింద ఉండేదని చరిత్రకారుల అంచనా. జాగీర్దారు తన పరిధిలో శిస్తు వసూలు చేసుకొనేవాడు. పెద్ద జాగీర్దార్లకు పోలీసు, న్యాయాధికారాలు కూడా ఉండేవి. రేపు అధికారం చేపట్టబోయే బాలునికి చదువుతోపాటు పాలకవర్గ ప్రవర్తనను అలవరచడం ఆ పాఠశాల కర్తవ్యం.

అప్పటి విద్యారంగాన్ని గమనిస్తే ఈ కళాశాల స్థానం స్పష్టమవుతుంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నతవిద్యను ఆరంభించింది. ఒక భారతీయ భాషలో ఆధునిక శాస్త్రాలను బోధించిన గొప్ప ప్రయోగమది. అదే ప్రభుత్వం ఐదేళ్ల తరువాత ప్రభువుల బిడ్డల కోసం ఆంగ్లేయ పబ్లిక్ స్కూలు నమూనాను ఎంచుకొంది. రాజ్యంలో అధికసంఖ్యాకుల మాతృభాష అయిన తెలుగుకు ఈ రెండింటిలో ఎక్కడా బోధనామాధ్యమ స్థానం దక్కలేదు. పొలం పండించి శిస్తు కట్టిన రైతు బిడ్డకు ఆ ఆవరణలో చోటు లేదు.

4. పేరు మారిన సందర్భం:

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో విలీనమైంది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. జాగీర్లు లేని రాజ్యంలో జాగీర్దార్ల కళాశాలకు అర్థం లేకపోయింది. 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలయింది. ఒక వర్గాన్ని తయారుచేయడానికి కట్టిన భవనాలు, మైదానాలు, వసతిగృహాలు ఆ వర్గం అధికారం కోల్పోయిన తరువాత కూడా నిలిచాయి. వాటిలోకి ఉద్యోగులు, వైద్యులు, వ్యాపారుల పిల్లలు వచ్చారు. వంశార్హత స్థానాన్ని రుసుము చెల్లించే శక్తి ఆక్రమించింది.

స్వతంత్ర భారతంలో ఇటువంటి పాఠశాలలు ఉండవచ్చునా అన్న చర్చ ఆ రోజులలోనే సాగింది. 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘం, అనగా ముదలియార్ సంఘం, పబ్లిక్ స్కూళ్లను పూర్తిగా తోసిపుచ్చలేదు. అవి క్రమంగా ప్రభుత్వ ధనసహాయం లేకుండా నిలబడాలని, ప్రతిభగల పేద విద్యార్థులకు కొన్ని ఉచిత స్థానాలు కల్పించాలని సూచించింది. 1964-66 నాటి కొఠారీ సంఘం మరింత ముందుకు వెళ్లి, అన్ని వర్గాల పిల్లలూ కలిసి చదివే ఉమ్మడి పాఠశాల విధానాన్ని ప్రతిపాదించింది. ఆ ప్రతిపాదన దేశవ్యాప్త విధానంగా అమలు కాలేదు. ఉపకారవేతనాల మార్గం మాత్రం మిగిలింది. పాఠశాలను మార్చకుండా అందులోకి కొందరు పేద పిల్లలను పంపడం ఆ మార్గం లక్షణం.

5. వసతి నేర్పే పాఠం:

అమెరికన్ విద్యావేత్త ఫిలిప్ జాక్సన్ 1968లో, తరగతిగది పిల్లలకు పాఠ్యపుస్తకంలో లేని పాఠాలు కూడా నేర్పుతుందని నిరూపిస్తూ, దానికి 'దాగిన పాఠ్యప్రణాళిక' అని పేరుపెట్టాడు. వరుసలో వేచి ఉండడం, పెద్దవారి మెప్పు సంపాదించడం, నలుగురిలో సర్దుకుపోవడం ఆ పాఠాలు. డే స్కాలరుకు ఈ పాఠం సాయంత్రానికి ముగుస్తుంది. వసతి విద్యార్థికి అది నిద్రలేచినప్పటినుంచి దీపాలు ఆర్పేవరకు సాగుతుంది. భోజనశాలలో ఏమి తినాలి, ఎలా తినాలి, ఏ యాసలో మాట్లాడితే తోటివారు నవ్వరు, ఏ ఆట ఆడితే గౌరవం దక్కుతుంది అన్నవి అక్కడి నిత్యపాఠాలు. సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్మన్ 1961లో 'సంపూర్ణ సంస్థ'లను వర్ణించినప్పుడు సైనికశిబిరాలతోపాటు వసతి పాఠశాలలను కూడా ఆ కోవలో చేర్చడానికి కారణం ఇదే. నిద్ర, పని, ఆట అనే మూడూ ఒకే కప్పు కింద, ఒకే అధికారం కింద జరుగుతాయి.

ఈ వ్యవస్థలో మేలు లేకపోలేదు. పిల్లలను 'హౌస్'లుగా విభజించే పబ్లిక్ స్కూలు పద్ధతి బేగంపేటలోనూ ఉంది. కులం, మతం, తండ్రి హోదాతో సంబంధం లేని కొత్త బంధాన్ని అది కల్పిస్తుంది. ఈ పాఠశాలలో చదివిన సత్య నాదెళ్ల 2017లో వెలువడిన తన 'హిట్ రిఫ్రెష్' గ్రంథంలో నలంద పేరుగల హౌస్‌కు చెందినవాడినని చెప్పుకొన్నారు. భిన్నమతాల పిల్లలతోపాటు ఉపకారవేతనాలపై మారుమూల జిల్లాలనుంచి వచ్చిన గిరిజన బాలలు కూడా తనతో చదివారని పేర్కొన్నారు. ఉన్నతోద్యోగి కుమారునికి ఆ సహవాసం విశాలదృష్టిని ఇచ్చింది. అదే సహవాసం ఆ గిరిజన బాలునికి ఏమిచ్చింది, అతనినుంచి ఏమి తీసుకొంది అన్నది అతడు స్వయంగా చెప్పవలసిన కథ. అటువంటి ఆత్మకథనాలు తెలుగులో విరివిగా రావలసి ఉంది.

6. గిరిజన బాలల ప్రవేశం: లాటరీ, వయస్సు, భాష:

గిరిజన సంక్షేమశాఖ బేగంపేట, రామంతాపూర్ పబ్లిక్ స్కూళ్లలో ఒకటవ తరగతి ప్రవేశానికి షెడ్యూల్డు తెగల పిల్లలనుంచి దరఖాస్తులు కోరుతూ ప్రకటనలు ఇస్తుంది. ఎంపిక లాటరీ పద్ధతిలో జరుగుతుంది. తల్లిదండ్రుల ఆదాయపరిమితి షరతుగా ఉంటుంది. రుసుమును ప్రభుత్వం భరిస్తుంది.

లాటరీ పద్ధతిని తేలికగా చూడరాదు. ఐదారేళ్ల బిడ్డకు ప్రవేశపరీక్ష పెడితే పరీక్షించబడేది ఆ బిడ్డ శక్తి కాదు, ఇంట్లోని పుస్తకాలు, తల్లిదండ్రుల చదువు, అంతకుముందు చేరిన నర్సరీ. అడవిగూడెం బిడ్డకూ, పట్టణ ఉద్యోగి బిడ్డకూ సమానావకాశం ఇవ్వగలిగినది చీటీ మాత్రమే. ఆ మేరకు ఇది న్యాయమైన పద్ధతి.

చిక్కు చీటీ వచ్చిన తరువాత మొదలవుతుంది. ఆదిలాబాద్ గోండు బిడ్డ ఇంటిభాష గోండి. భద్రాచలం ప్రాంతపు పిల్లవాడికి కోయ, తండా పిల్లకు లంబాడీ. బడిలోని తెలుగే ఆ పిల్లలలో పలువురికి రెండవ భాష. బేగంపేటలో బోధనామాధ్యమం ఆంగ్లం. భాషావిద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో సంభాషణకు చాలిన భాషను, చదువుకు కావలసిన భాషను వేరుచేసి చూపాడు. కొత్త భాషలో ఆటపాటల మాటలు సుమారు రెండేళ్లలో వస్తాయని, పాఠాన్ని అర్థం చేసుకొని రాయగల భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. అంటే మైదానంలో చక్కగా ఆంగ్లం మాట్లాడుతున్న మూడవ తరగతి బిడ్డ లెక్కల ప్రశ్నపత్రం ముందు తడబడితే అది మందబుద్ధి అనుకోరాదు. ఆ తేడా తెలియని ఉపాధ్యాయుడు దానిని మందబుద్ధి అనే ముద్రగా మార్చే ప్రమాదం ఉంది.

ఇక్కడ డే స్కాలరుకు, వసతి విద్యార్థికి మధ్య అసలు భేదం తేటతెల్లమవుతుంది. నగరంలోని డే స్కాలరు తడబడితే సాయంత్రం తల్లో, తండ్రో, ట్యూషన్ మాస్టారో సరిదిద్దుతారు. జిల్లానుంచి వచ్చిన ఆరేళ్ల బిడ్డకు సాయంత్రం కూడా బడే. ఇంటిభాషలో ఒక మాట మాట్లాడాలన్నా సెలవులదాకా ఆగాలి. సెలవులకు వెళ్లేసరికి ఆ భాషే నోట తడబడుతుంది. మాతృభాషను పోగొట్టుకొని, చదువుభాషను ఇంకా సంపాదించుకోని ఆ నడిమికాలమే ఈ విద్యార్థి జీవితంలో అత్యంత సున్నితమైన ఘట్టం. 2020 జాతీయ విద్యావిధానం, వీలైనచోట ఐదవ తరగతి వరకైనా మాతృభాషలో లేదా స్థానికభాషలో బోధన ఉండాలని సూచించినప్పుడు దృష్టిలో పెట్టుకొన్నది ఈ దశనే.

7. సహవిద్య: 1988:

1923నుంచి ఆరున్నర దశాబ్దాలు ఈ ఆవరణ బాలురదే. 1988లో సహవిద్య ప్రవేశపెట్టారు. జాగీర్దారీ పోయి నాలుగు దశాబ్దాలైనా, ఇంటి కుమారుణ్ణి నాయకునిగా తీర్చిదిద్దడం అనే పాత ఉద్దేశపు ఛాయ అంతకాలం నిలిచిందని దీనినిబట్టి గ్రహించవచ్చు. పేరు మారినంత సులభంగా ఊహ మారదు.

సహవిద్యను బాలికలకు చోటు ఇవ్వడంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్లు. బాలురకోసం రూపొందిన పాఠశాలలో క్రీడలు, క్రమశిక్షణ, నాయకత్వం అన్నీ పురుషప్రమాణాలతో ఏర్పడి ఉంటాయి. బాలిక వాటిలో ఇముడుతుందా అని అడగడం ఒక పద్ధతి. ఆమె రాకతో ఆ ప్రమాణాలు మారాయా అని అడగడం మరొక పద్ధతి. గిరిజన బాలుని విషయంలో వేసిన ప్రశ్నే ఇక్కడా వర్తిస్తుంది. ఇద్దరూ తమకోసం కట్టని ఇంట్లోకి ఆలస్యంగా వచ్చినవారే.

8. మరో రెండు నమూనాలు:

ఇదే తెలుగునేలపై వసతివిద్యకు మరొక రూపం 1971లో వెలువడింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్ గ్రామంలో ప్రభుత్వ గురుకుల పాఠశాల ప్రారంభమైంది. గ్రామీణ బాలుణ్ణి ప్రభువుల బడికి తీసుకురావడానికి బదులు, వసతి బడినే గ్రామానికి తీసుకువెళ్లిన ఆలోచన ఇది. 1986నాటి జాతీయ విద్యావిధానం ఫలితంగా ఏర్పడిన నవోదయ విద్యాలయాలు దానికి దేశవ్యాప్త రూపం. అప్పుడు కేంద్రంలో మానవవనరుల మంత్రి కూడా ఆయనే.

నవోదయలో ప్రవేశం ఆరవ తరగతిలో, పరీక్ష ద్వారా జరుగుతుంది. కనీసం 75 శాతం స్థానాలు గ్రామీణ విద్యార్థులకు, మూడింట ఒక వంతు బాలికలకు కేటాయించారు. ఏడెనిమిది తరగతుల వరకు ప్రాంతీయ భాషలో బోధన, ఆ తరువాత ఆంగ్ల, హిందీ మాధ్యమాలు అన్నది దాని మూలసూత్రం. బిడ్డ పదకొండేళ్లవరకు ఇంట పెరిగి, తన భాషలో చదవడం నేర్చి, ఆపైన వసతిగృహంలో అడుగుపెడుతుంది. భాషామార్పిడికి మెట్లు ఉన్నాయి. లోపం ఎంపికలో ఉంది. పదకొండేళ్లకు పెట్టే పరీక్ష అప్పటికే మంచి బడి దొరికినవారివైపు మొగ్గుతుంది.

బేగంపేట పద్ధతికి ఎంపికలో న్యాయం ఉంది, మెట్లు తక్కువ. నవోదయకు మెట్లు ఉన్నాయి, ఎంపికలో వడపోత ఉంది. ఒకదాని బలం మరొకదానికి లోపించిందన్న ఈ పరిశీలన విధానకర్తలకు ఉపయోగపడగలదు.

9. ప్రసిద్ధుల జాబితాను ఎలా చదవాలి?

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల, అడోబీకి నేతృత్వం వహించిన శంతను నారాయణ్, 2023లో ప్రపంచబ్యాంకు అధ్యక్షుడైన అజయ్ బంగా ఈ పాఠశాలవారే. ఒక బడినుంచి ఇందరు రావడం విశేషమే. పరిశోధకులు ఈ జాబితాలో రెండు అంశాలు గమనించాలి. మొదటిది, ఈ ముగ్గురూ 1988కి ముందే పాఠశాల విడిచినవారు. 1988 నాటికి నాదెళ్ల మణిపాల్‌లో ఇంజనీరింగు కూడా పూర్తిచేశారు. కాబట్టి ఈ జాబితా బాలుర పాఠశాలకు చెందినది. సహవిద్యా పాఠశాల చేసిన పనిని దానితో కొలవలేము. రెండవది, విద్యావంతుల ఇంట పుట్టిన విద్యార్థి పైకి వస్తే, ఆ ఘనతలో ఇంటి భాగమెంతో, బడి భాగమెంతో విడదీయడం కష్టం. నాదెళ్ల తండ్రి బి.ఎన్. యుగంధర్ పేరుపొందిన ఐఏఎస్ అధికారి. ఇంటినుంచి చదువు సహాయం పొందలేని విద్యార్థి ఎంత దూరం ప్రయాణించగలిగాడన్నదే బడి శక్తిని నికరంగా చూపుతుంది.

10. ప్రహరీకి ఆవల:

పాఠశాలనుంచి కొద్ది దూరంలో ఉన్న అమీర్‌పేటలో వసతివిద్యకు మరో రూపం కనిపిస్తుంది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే కేంద్రాలు, వాటి చుట్టూ ఎస్.ఆర్. నగర్ వరకు పురుషుల, మహిళల ప్రైవేటు హాస్టళ్లు వెలిశాయి. తెలుగు జిల్లాలనుంచి పట్టా చేతపట్టుకొని వచ్చిన యువతీయువకులు అక్కడ కొన్ని నెలలు ఉండి, ఉద్యోగానికి కావలసిన సాంకేతికతతోపాటు ఇంటర్వ్యూలో మాట్లాడవలసిన ఆంగ్లం కూడా నేర్చుకొంటారు. తెలుగు మాధ్యమ పట్టభద్రుడు ఇరవై రెండేళ్లకు ఎదుర్కొనే భాషాభయం, గిరిజన బిడ్డ ఆరేళ్లకు ఎదుర్కొనేదానికి దగ్గరి చుట్టమే.

అక్కడ శిక్షణ ఒకరిది, వసతి మరొకరిది. రెంటినీ కలిపి విద్యార్థి బాగోగులు చూసే బాధ్యత ఎవరిదీ కాదు. వయోజనులు కాబట్టి వారు తట్టుకొంటారు. పాఠశాల వసతిగృహం విలువ ఈ పోలికలోనే అర్థమవుతుంది. నిద్ర, తిండి, చదువు, బెంగ అన్నింటికీ ఒకే సంస్థ జవాబుదారీ కావడం వసతి పాఠశాలకు మాత్రమే సాధ్యం. ఆ సాధ్యతను ఎవరికోసం వినియోగిస్తున్నామన్నదే ప్రశ్న.

11. ముగింపు:

2023లో జరిగిన ఈ పాఠశాల శతవార్షికోత్సవాలకు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము హాజరయ్యారు. ఒడిశాలోని సంతాల్ గ్రామంలో పుట్టి, చదువుకోసం ఊరు విడిచి భువనేశ్వర్ చేరిన విద్యార్థిని ఆమె. 1923లో ఈ ద్వారం ఏ ఇద్దరికి మూసి ఉండేదో, ఆ ఇద్దరూ, అనగా గిరిజనులూ బాలికలూ, ఆమెలో ఒక్కటై ముఖ్య అతిథిగా వచ్చారు. ద్వారం తెరుచుకొన్న చరిత్రకు ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

మిగిలిన పని లోపలిది. ఒకటవ తరగతిలో చేరిన గిరిజన బిడ్డ ఇంటిభాష తెలిసిన ఒక పెద్దదిక్కు వసతిగృహంలో ఉండడం, తొలి ఐదేళ్లు చదువుభాషకు ప్రత్యేక బోధన సాగడం, ఇంటితో సంబంధం తెగకుండా చూడడం పెద్ద వ్యయం కోరే పనులు కావు. లాటరీలో ఎంపికైన పిల్లలలో ఎందరు పదవ తరగతి పూర్తిచేశారు, ఎందరు మధ్యలో వెనుదిరిగారు, ఎందుకు అన్న అంశాలపై క్షేత్రపరిశోధన జరగాలి. విద్య, భాషాశాస్త్ర, గిరిజన అధ్యయన శాఖల పరిశోధకులకు ఇది ఫలవంతమైన రంగం. 1951లో పేరులోకి వచ్చిన 'పబ్లిక్' అనే మాటకు తెలుగులో 'ప్రజలది' అన్న అర్థం పూర్తిగా సిద్ధించిందా లేదా అన్నది, గూడెంనుంచి వచ్చి ఆ వసతిగృహంలో మొదటి రాత్రి గడిపే బిడ్డ అనుభవాన్నిబట్టి నిర్ణయించవలసి ఉంటుంది.